పన్ను పీకించుకునే ముందు ఒక మాట

పొద్దున లేచేసరికి దవడలు బిగుసుకుపోయి ఉంటాయి. కణతల దగ్గర సన్నగా నొప్పి. టీ గుటక వేస్తే ఏదో ఒక పన్ను జివ్వుమంటుంది, ఏ పన్నో వేలు పెట్టి చూపించమంటే చూపించలేం. ఇంట్లో చెప్పుకుందామన్నా ఎట్లా చెప్పుకోవాలో తెలియదు. జ్వరం కాదు, దెబ్బ కాదు. ‘పంటి నొప్పేగా, లవంగం పెట్టుకో’ అంటారు. మనమూ పెట్టుకుంటాం. నెల తిరిగేసరికి మళ్ళీ అదే కథ. ఇంక ఓపిక నశించి ఏం చేస్తాం చెప్పు? ‘ఆ పన్ను పీకేయండి సార్, పీడా పోతుంది’ అని వెళ్ళి కుర్చీలో కూర్చుంటాం.

ఆగు తల్లీ, ముందు ఆ టీ చల్లారనీ. ఆ పన్నే దోషి అని ఎవరు తేల్చారు? నేను డాక్టర్ని కాను, మీ అక్కని. ఐనా ఈ సంగతి నాలుగు చోట్ల విని, చదివి, తెలిసినవాళ్ళని అడిగి మరీ చెబుతున్నాను. పంటికి అటు దవడ కీలు ఉంది, ఇటు ఊపిరి దారి ఉంది. ఈ రెండింట్లో ఏది ఇబ్బంది పడినా ఆ బాధ చాలాసార్లు వచ్చి పంటి మీదే పడుతుంది. మనమేమో పంటికి ఒక్కదానికే వైద్యం చేయించుకుంటూ తిరుగుతాం.

రెండు చూపుడు వేళ్ళూ చెవుల ముందర ఆనించి, మెల్లగా నోరు తెరిచి మూయి. వేళ్ళ కింద గుండ్రంగా కదులుతోంది చూడు, అదే దవడ కీలు. కింది దవడ ఎముక కొన ఒకటి, అది ఇమిడే గుంట ఒకటి, రెండూ రాసుకోకుండా మధ్యలో మెత్తటి చిన్న బిళ్ళ. ఈ కీలు తిరుగుతుంది, ముందుకి జారుతుంది కూడా. పైగా కుడిదీ ఎడమదీ కలిసి కదలాలి. తినడం, మాట్లాడటం, ఆవలించడం, పిల్లల మీద అరవడం... దానికి తీరికెక్కడిది? ఆ బిళ్ళ కాస్త పక్కకి జరిగితే నోరు తెరిచినప్పుడల్లా టక్కుమంటుంది. ఆ చప్పుడు విని హడలిపోవద్దు. నొప్పి లేకుండా, నోరు బాగా తెరుచుకుంటూ, ఉత్త చప్పుడే ఉంటే చాలామందికి వైద్యమే అక్కర్లేదు. నీ చేతి మూడు వేళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి ముందుపళ్ళ మధ్య నిలువుగా పెట్టి చూడు. మూడూ పట్టాయా? సరే, నోరు 40 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా తెరుచుకుంటున్నట్టే, దిగులు లేదు. రెండే పడుతున్నాయంటే మాత్రం డాక్టరు చూడాల్సిందే.

అసలు చిక్కు కీలుతో కంటే దాన్ని కదిలించే కండరాలతో ఎక్కువ. పళ్ళు బిగించి చెంప మీద చెయ్యి వేస్తే గట్టిగా తగులుతుందే, ఆ కండరం. అది అలిసిపోతే నొప్పిని తన దగ్గర చూపించదు, వెనక పళ్ళ మీదకి నెడుతుంది. ఇంకోటి కణత దగ్గర ఉంది, అది పై పళ్ళలో నొప్పిగా తెలుస్తుంది. అందుకే బంగారంలాంటి పన్నుకి వేరు వైద్యం చేయించుకుని, నొప్పి తగ్గక పీకించుకుని, ఆ తర్వాత పక్క పన్ను కూడా నొప్పి పుడుతోందని ఏడ్చిన ఆడవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. 20 నుంచి 40 ఏళ్ళ మధ్య వయసులో ఈ బాధ ఎక్కువ కనిపిస్తుంది, మగవాళ్ళకంటే మనకే ఎక్కువ. కాబట్టి డాక్టరుతో సిగ్గుపడకుండా అడుగు: ‘ఎక్స్‌రేలో ఈ పన్ను చెడినట్టు కనిపిస్తోందా? ఒకసారి నా చెంప కండరాలు కూడా నొక్కి చూస్తారా?’ మంచి డాక్టరు ఆ మాటకి కోపం తెచ్చుకోరు.

చెవిపోటు అని చెవి డాక్టరు దగ్గరికి వెళ్తే ‘చెవిలో ఏమీ లేదమ్మా’ అని పంపించేస్తారు చూడు, అదీ ఈ కీలు పనే కావచ్చు. 1934లో అమెరికాలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు ఈ సంగతి రాశాడు. చెవిపోటు, చెవిలో హోరు అంటూ వచ్చినవాళ్ళలో కొందరికి గోల దవడ కీలుదే అన్నాడు. వెనక పళ్ళు ఊడిపోవడమే కారణమని ఆయన చెప్పినది తర్వాత అట్లాగే నిలబడలేదు గానీ, చెవి దగ్గర నొప్పి అంటే దవడని కూడా చూడాలన్న మాట మాత్రం నిలిచింది.

ఇంక రాత్రిపూట పళ్ళు కొరుక్కోవడం. పక్కన పడుకున్నవాళ్ళు చెబితే తప్ప మనకి తెలియదు. గింజలు వేయకుండా తిరగలి తిప్పితే ఏమవుతుంది? రాయి రాయినే తింటుంది. అన్నం నములుతున్నప్పుడు మధ్యలో అన్నం ఉంటుంది. రాత్రి మధ్యలో ఏమీ లేదు, అంత బలమూ పంటి మీదే పడుతుంది. పై పళ్ళ కొనలు చదునుగా అరిగిపోతాయి, చిగురు దగ్గర పన్ను చిన్న నొక్కులా లోపలికి పోతుంది, వేయించుకున్న ఫిల్లింగు పగులుతుంది, చల్లనివీ పుల్లనివీ జివ్వుమంటాయి. నీ నాలుక అంచు అద్దంలో చూసుకో, పళ్ళ గాట్లు పడి ఉన్నాయా? బుగ్గ లోపల తెల్లటి గీత ఉందా? ఐతే నువ్వు రాత్రిళ్ళు పళ్ళు బిగిస్తున్నావని అనుమానించవచ్చు.

ఎందుకు బిగిస్తాం అంటే ఏం చెప్పను? వాన రాలేదు, బోరు ఎండింది, పిల్లోడి ఫీజు కట్టాలి, అత్తగారు ఒక మాట అన్నారు, మనం తిరిగి అనలేదు. అన్నీ పంటి బిగువున ఓర్చుకోవడం మనకి చిన్నప్పటి నుంచీ నేర్పారు కదా. నీ దిగులు ఒక్క రోజులో పోదని నాకూ తెలుసు. ఐనా దవడకి విశ్రాంతి ఇవ్వడం మన చేతిలోనే ఉంది. ఒక్క సూత్రం చెబుతాను: పెదాలు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి, నాలుక కొన పై ముందుపళ్ళ వెనక తేలిగ్గా ఆనాలి. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్ళూ కింది పళ్ళూ తగలాల్సిన పనే లేదు. పొయ్యి దగ్గర ఒక బొట్టు బిళ్ళ అంటించుకో, అద్దం మీద ఒకటి, ఫోను వెనక ఒకటి. అది కనిపించినప్పుడల్లా దవడ వదులు చేసుకో. నవ్వొస్తోందా? పనిచేస్తుంది, చేసి చూడు.

నొప్పి ఉన్న రోజుల్లో తిండి మార్చు. ఇక్కడ మన సీమ వంటే మనకి పెద్ద దిక్కు. రాగి సంగటి నమిలేది కాదు కదా, ముద్ద చేసి పులుసులో అద్ది మింగేదే. దవడకి అంతకంటే మంచి తిండి ఉందా? ఉగ్గాని కూడా పరవాలేదు, తడిపిన బొరుగులు మెత్తగా ఉంటాయి, పక్కన మిరపకాయ బజ్జీ మాత్రం కొన్నాళ్ళు మర్చిపో. జొన్నరొట్టె ఐతే పాలల్లోనో పప్పులోనో నానబెట్టుకుని తిను. వేయించిన బుడ్డలు, చెరుకు గడ, పచ్చి మామిడికాయ కొరకడం ఆపాలి. మీ కడపోళ్ళు చెనిక్కాయలంటారో మా కర్నూలోళ్ళు బుడ్డలంటారో, రెండూ వద్దు! అంతగా తినాలనిపిస్తే ఉడకబెట్టుకో, లేదా ఊరుబిండి నూరుకో.

వేడినీళ్ళలో గుడ్డ ముంచి పిండి, రెండు చెంపలకీ పావుగంట కాపడం పెట్టు, పొద్దునా రాత్రీ. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించు, నోరు మరీ తెరుచుకోదు. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని అంట్లు తోమడం మానెయ్. ఒక పక్క పన్ను లేదని ఏళ్ళ తరబడి రెండో పక్కే నములుతుంటే ఆ లేని పన్ను సంగతి తేల్చుకో. ఇవన్నీ చేస్తే చాలామందికి కొన్ని వారాల్లో నెమ్మదిస్తుంది. తగ్గకపోతే, లేదా పళ్ళు అరుగుతుంటే, డాక్టరు నీ పళ్ళ అచ్చు తీసి రాత్రి పెట్టుకునే పలకలాంటిది చేయిస్తారు. నైట్‌గార్డ్ అంటారు. అది పళ్ళని కాపాడుతుంది. ఆన్‌లైన్‌లో దొరికే రబ్బరు ముక్కలు కొనుక్కుని నోట్లో కుక్కుకోకు, నీ నోటికి సరిపోనిది ఉన్న కొరుకుడుని, అంటే పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరుని కూడా చెడగొడుతుంది. మొదటి రోజే పళ్ళు అరగదీసి కొరుకుడు సరిచేస్తామనో, కీలుకి ఆపరేషన్ అనో ఎవరైనా అంటే ఇంకో డాక్టర్ని అడిగిరా. వెనక్కి తిప్పుకోలేని వైద్యానికి తొందరెందుకు?

ఒక్క జాగ్రత్త మధ్యలో చెప్పేస్తాను, మళ్ళీ మర్చిపోతాను. దవడ నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది పన్నూ కాదు కీలూ కాదు, గుండె కావచ్చు. అప్పుడు కాపడాలు పెడుతూ కూర్చోకూడదు, వెంటనే క్యాజువాలిటీకి పోవాలి.

ఇప్పుడు ఊపిరి సంగతి. మన సీమలో గాలి ఎట్లా ఉంటుందో చెప్పాలా? బేతంచెర్లలో బండల పాలిషు దుమ్ము, ఎర్రగుంట్ల వైపు సిమెంటు, ఆదోనిలో పత్తి పీచు, ఇవేవీ లేని ఊళ్ళో ఎండాకాలం సుడిగాలి. సగం ఇళ్ళలో ఎవరో ఒకరికి పొద్దున లేస్తే తుమ్ములు, ముక్కు దిబ్బడ. ముక్కు మూసుకుపోతే రాత్రంతా నోటితో ఊపిరి తీస్తాం. నోరు ఎండిపోతుంది. ఎండితే ఏమైందిలే, నీళ్ళు తాగుతాం అనుకుంటాం. నష్టం అంతకంటే పెద్దది. పంటికి ఉన్న కాపలా లాలాజలమే. మనం తిన్న తీపిని నోట్లోని క్రిములు పులియబెట్టి ఆమ్లం చేస్తాయి. పీహెచ్ దాదాపు 5.5 కంటే దిగితే పంటి పైపూత కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని కడిగి, పోయిన ఖనిజాన్ని మళ్ళీ పంటికి అందిస్తుంది. నిద్రలో అది మామూలుగానే బాగా తగ్గిపోతుంది, నోరు తెరుచుకుని పడుకుంటే ఉన్న కాస్తా ఆరిపోతుంది. నోటితో ఊపిరి తీసేవాళ్ళకి పై ముందుపళ్ళ చిగుళ్ళు ఎర్రగా ఉబ్బి ఉంటాయి, ఎంత తోమినా పోవు. నోటి వాసన అని పదిమందిలో మాట్లాడటానికే జంకే పిల్లలు ఉన్నారు పాపం, వాళ్ళు బ్రష్షు మార్చడం కాదు, ముక్కు చూపించుకోవాలి.

దీనికి తోడు మన ఎండలు, మన నన్నారి. వేసవిలో నోరెండినప్పుడల్లా నన్నారి షర్బత్తో, సోడానో గుక్కెడు గుక్కెడు తాగుతూ ఉంటాం. నన్నారికి నేనేం శత్రువుని కాదు, గ్లాసుడు కూర్చుని ఒకేసారి తాగు, తర్వాత నీళ్ళతో పుక్కిలించు. గంట సేపు చప్పరిస్తూ ఉంటే ఆ గంటంతా పన్ను ఆమ్లంలోనే నానుతుంది. దాహానికి మాత్రం కుండలో నీళ్ళే. ఎలర్జీ మాత్రలు కూడా కొన్ని నోరు ఎండబెడతాయి. ఉబ్బసానికి ఇన్‌హేలర్ వాడేవాళ్ళు పీల్చిన వెంటనే నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, మందు నోట్లో మిగిలితే తెల్లటి పూతలు రావచ్చు. దుప్పట్లు వారానికొకసారి వేడినీళ్ళలో ఉతుకు, ఇల్లు ఊడ్చే ముందు తడిగుడ్డ పెట్టు, రాళ్ళ పనికో పత్తి పనికో పోయేవాళ్ళకి మంచి మాస్కు కొనిపెట్టు. ఇంకా దిబ్బడ తగ్గకపోతే ముక్కు డాక్టరు. దుకాణంలో దొరికే దిబ్బడ చుక్కల మందు రోజుల తరబడి వేసుకోవద్దు, అలవాటైతే ముక్కు ఇంకా మూసుకుపోతుంది.

పసిపిల్లలకి స్నానం చేయించి సాంబ్రాణి పొగ పెడతారు కదా మన జేజిలు? ఎంత ప్రేమగా పెడతారో నాకు తెలుసు, ఆ వాసనంటే నాకూ ఇష్టమే. కానీ ఆ పొగ బిడ్డ ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఎదురు చెబితే నొచ్చుకుంటారు, అందుకని ‘పిల్లల డాక్టరు వద్దన్నారు జేజీ, తల ఆరడానికి మెత్తటి గుడ్డ చాలన్నారు’ అని డాక్టరు మీద పెట్టెయ్. దోమల చక్రం కూడా అంతే, దోమతెర కట్టు.

పిల్లల దగ్గరికి వచ్చాం కాబట్టి కాస్త సేపు ఇక్కడే కూర్చుందాం. మీ పిల్లోడు టీవీ చూస్తున్నప్పుడు నోరు తెరుచుకునే ఉంటుందా? రాత్రి గురక పెడతాడా? పొద్దున దిండు తడిసి ఉంటుందా? బళ్ళో నిద్రమొహంతో ఉంటాడని టీచరు అంటోందా? ముక్కు వెనక అడినాయిడ్స్ అని కండ ఉంటుంది. మూడు నుంచి ఏడేళ్ళ లోపు అది పెద్దగా ఉండి, పెద్దవుతుంటే తగ్గిపోతుంది. కొందరిలో మరీ పెద్దదై ముక్కు దారి మూసేస్తుంది. అప్పుడు పిల్లోడు నోటితో ఊపిరి తీస్తాడు. నాలుక పై అంగిలికి ఆనాల్సింది కిందికి జారిపోతుంది. అంగిలి ఇరుకై గోపురంలా లేస్తుంది. పళ్ళకి చోటు చాలక ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. మొహం పొడుగు సాగుతుంది. 1981లో ఎగిల్ హార్వోల్డ్ అనే పరిశోధకుడు కోతుల ముక్కులు మూసి ఈ సంగతి చూపించాడు. నోటితో ఊపిరి తీయాల్సి వచ్చిన ఆ కోతులకి దవడలు, పళ్ళ వరస రకరకాలుగా మారిపోయాయి. పాపం అనిపిస్తుంది, కానీ ఊపిరి తీరుని బట్టి ఎముక ఒదుగుతుందని అప్పుడు బాగా తెలిసింది.

‘వాళ్ళ నాన్న పళ్ళూ ఇట్లాగే ఉండేవి, వంశం’ అని తేలిగ్గా తీసుకోకు. వంశమూ ఉంటుంది, నిజమే. ఐనా ముందు ముక్కు, గొంతు చూపించు. కొందరికి ముక్కులో కొట్టే స్ప్రేతోనే నెమ్మదిస్తుంది, కొందరికి చిన్న ఆపరేషన్ కావాలి. ఎదిగే వయసులో ఐతే ఇరుకైన అంగిలిని మెల్లగా వెడల్పు చేసే పరికరాలు ఉన్నాయి. వయసు ముదిరాక అదే పని కష్టం. 14 ఏళ్ళప్పుడు క్లిప్పులు వేయిద్దాంలే అని కూర్చునే బదులు ఏడెనిమిదేళ్ళప్పుడే ఒకసారి పళ్ళ వరస చూసే డాక్టరుకి చూపించడం మేలు. ఇంకో మాట, ఈ మధ్య ఫోనులో చూసి రాత్రి నోటికి ప్లాస్టరు అంటించుకుంటున్నారట. ముక్కు మూసుకుపోయిన పిల్లోడికి నోరు కూడా మూసేస్తే ఏం కావాలి? ఆ పని మాత్రం చేయొద్దు, పెద్దవాళ్ళు కూడా డాక్టరు చెప్పకుండా చేయొద్దు.

అన్నిటికంటే నా మనసుని పట్టి పీడిస్తున్న సంగతి వేరే ఉంది. మన ఊళ్ళలో మిద్దె మెట్ల మీద నుంచో, మంచం మీద నుంచో, అన్న సైకిలు వెనక నుంచో పిల్లలు గడ్డం ఆనించి పడతారు. గడ్డం చీలుతుంది, రక్తం చూసి మనకి గుండె ఆగినంత పనవుతుంది, రెండు కుట్లు వేయించుకుని ఇంటికొస్తాం. గాయం మానుతుంది. మనమూ మర్చిపోతాం. ఆ దెబ్బ గడ్డంతో ఆగిందా లేదా అని ఎవరూ చూడరు. గడ్డానికి తగిలిన బలం నేరుగా చెవి ముందర ఉన్న కీలు దగ్గరికి పోతుంది, అక్కడ ఎముక కొన విరగవచ్చు. చిన్నపిల్లల్లో, ముఖ్యంగా అయిదేళ్ళ లోపు వాళ్ళలో, ఆ విరిగిన చోట రక్తం గడ్డకట్టి, అదే మెల్లగా ఎముకై, దవడకీ పుర్రెకీ మధ్య అతుక్కుపోయే ప్రమాదం ఉంది. చీము కారే చెవిని ఏళ్ళ తరబడి పట్టించుకోకపోయినా, ఆ చీము పక్కకి పాకి ఇదే స్థితి రావచ్చు.

అతుక్కున్నాక ఏమవుతుందో తెలుసా? మొదట ముద్ద చిన్నదవుతుంది. తర్వాత చెంచా పట్టదు. ఆఖరికి పళ్ళ సందులోంచి చారన్నం, పాలు పీల్చుకుని బతుకుతారు. బ్రష్షు లోపలికి పోదు, పళ్ళు పుచ్చిపోతాయి, డాక్టరు చూద్దామన్నా నోరు తెరుచుకోదు. ఎదిగే కీలే ఆగిపోయింది కాబట్టి కింది దవడ ఎదగదు, గడ్డం వెనక్కి పోతుంది. దవడ వెనక్కి ఉంటే నాలుక కూడా వెనక్కే, ఊపిరి దారి ఇరుకు. ఆ పిల్ల రాత్రి గురక పెడుతుంది, ఉలిక్కిపడి లేస్తుంది, పగలు తూగుతుంది. కీలు, ఊపిరి, పళ్ళు మూడూ ఒకే పిల్ల మొహంలో ముడిపడిపోయాయి చూశావా. ఆపరేషన్‌కి మత్తు ఇవ్వడమే పెద్ద పని: నోరు తెరుచుకోదు కాబట్టి చాలాసార్లు ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి, దాని ఆధారంతో ఊపిరి గొట్టం వేయాలి. అతుక్కున్న ఎముక తీసి కీలుని విడదీశాక, నెలల తరబడి రోజూ నోరు తెరిచే వ్యాయామం చేయించాలి. నొప్పికి పిల్ల ఏడుస్తుంది, మనకి చెయ్యి ఆడదు. అయ్యో అని మానేస్తే మళ్ళీ అతుక్కుంటుంది. అక్కడ తల్లే గట్టిగా ఉండాలి. ఆడపిల్ల ఐతే, పెళ్ళి కాదేమో అని దాచి పెట్టేవాళ్ళు ఉన్నారు. దాచేకొద్దీ ఎముక గట్టిపడుతుంది. తప్పు నీది కాదు, పిల్లది అసలే కాదు. బయటికి తీసుకురా.

దీన్ని రాకుండా ఆపడం ఎంత తేలికో విను. గడ్డానికి దెబ్బ తగిలిన ప్రతి పిల్లకీ కుట్లు వేయించేటప్పుడే ‘కీలు కూడా చూడండి, ఎక్స్‌రే తీయాలా?’ అని అడుగు. నోరు తెరిస్తే గడ్డం ఒక పక్కకి పోతోందా, వెనక పళ్ళు ముందులా కలుస్తున్నాయా గమనించు. చేతికీ కాలికీ దెబ్బ తగిలితే పుత్తూరు కట్టు అని పరిగెత్తడం మన సీమలో ఎప్పటి నుంచో ఉన్నదే. దవడకి ఆ లెక్క పనికిరాదు. పిల్లల దవడని కదలకుండా ఎక్కువ రోజులు కట్టి ఉంచితే అతుక్కునే అవకాశం పెరుగుతుంది. మామూలుగా కొన్నాళ్ళు మెత్తటి తిండి పెట్టి, డాక్టరు చెప్పినట్టు తొందరగానే నోరు కదిలించే వ్యాయామం మొదలుపెడతారు. తర్వాత ఏడాదంతా నెలకొకసారి పిల్ల వేళ్ళతోనే కొలిచి చూడు. నోరు తెరుచుకోవడం తగ్గుతూ వస్తోందంటే ఆ వారమే డాక్టరు దగ్గరికి పో.

మీ ఆయన సంగతి కూడా ఒక ముక్క. నోరు మునుపటిలా తెరుచుకోవడం లేదు, కారం తగిలితే నోరంతా మంట అంటున్నాడా? సీమలో పుట్టి కారానికి ఓర్చుకోలేకపోతున్నాడంటే అనుమానించాల్సిందే. గుట్కా, వక్కపొడి పొట్లాలు నమిలేవాళ్ళకి బుగ్గ లోపలి చర్మం గట్టిపడి తాళ్ళలా బిగుస్తుంది. కీలు బాగానే ఉంటుంది, నోరే తెరుచుకోదు. అది పూర్తిగా వెనక్కి రాదు, కొందరిలో క్యాన్సరుకి దారి తీస్తుంది. పొట్లం మానడం మొదటి మందు. గురక గట్టిగా పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి దిగ్గున లేస్తుంటే నిద్ర పరీక్ష చేయించు. 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సలివన్ కనిపెట్టిన, నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే యంత్రం ఇప్పుడు మన దగ్గరా దొరుకుతుంది. తక్కువ తీవ్రత ఉన్నవాళ్ళకి కింది దవడని కాస్త ముందుకి పట్టి ఉంచే పలకని పళ్ళ డాక్టర్లే చేస్తారు. అది పెట్టుకుంటే దవడ కీలుకి నొప్పి రావచ్చు, అందుకే మధ్య మధ్యలో చూపించుకోవాలి.

ఎక్కడికి పోవాలి అంటావా? కడపలో రిమ్స్ ఆవరణలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. కర్నూలులో ఐతే మెడికల్ కాలేజీ పెద్దాసుపత్రిలో చెవి ముక్కు గొంతు విభాగం. నంద్యాల రోడ్డులో పుల్లారెడ్డి దంత వైద్య కళాశాల. నేతి మిఠాయిలకి పేరుమోసిన పుల్లారెడ్డి గారి పేరే పళ్ళ ఆసుపత్రికీ ఉండటం చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో బాగుచేసినట్టు. దవడ కీలుకి ఆపరేషన్ లాంటివి ఐతే నోరు, దవడల శస్త్రచికిత్స విభాగం ఎక్కడ అని అడుగు. డబ్బు దిగులు పెట్టుకోకుండా ముందు పరీక్షకి పో. బళ్ళోకి, అంగన్‌వాడీకి వచ్చి పిల్లల్ని చూసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ వరకూ చూస్తారు, పళ్ళూ చెవులూ అందులో ఉన్నాయి. వాళ్ళొచ్చిన రోజు పిల్లల్ని బడి మాన్పించకు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకంలో ఏ ఆపరేషన్ వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని అడిగితే చెబుతారు, కార్డూ ఆధారూ సంచిలో పెట్టుకో.

పోయే ముందు రోజు రాత్రి ఒక పని చేయి. పిల్లోడు పడుకున్నాక, గురక పెడుతున్నప్పుడు, నోరు తెరుచుకుని ఊపిరి తీస్తున్నప్పుడు, ఫోనులో రెండు నిమిషాలు వీడియో తియ్యి. ఛాతీ కూడా కనబడేలా దుప్పటి పక్కకి జరిపి తియ్యి. నీకు పళ్ళు కొరికే అలవాటుంటే మీ ఆయన్ని లేపి ఆ చప్పుడు రికార్డు చేయమను, తిట్టుకుంటూనే చేస్తాడులే. డాక్టరు ముందు కూర్చుంటే మనకి మాట రాదు, సగం మర్చిపోతాం. ఆ వీడియో చూపిస్తే మనం పది మాటల్లో చెప్పలేనిది వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.